సర్కారు క్లౌడ్‌కు కరెంటు మీటరు ఎక్కడ?

అయ్యా,

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ సముదాయాన్ని నెలకొల్పుతామని ప్రకటించినప్పటి నుంచి, దానికి అంత కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, నీళ్లు ఎవరి వాటాలోంచి వెళ్తాయి అన్న చర్చ పత్రికల్లోనూ బయటా జోరుగా సాగుతోంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ చుట్టుపక్కల తన క్లౌడ్ కేంద్రాలను (నెట్ ద్వారా అనేకమంది పంచుకుని వాడుకునే సర్వర్ల కేంద్రాలను) ప్రారంభించినప్పుడే జరగవలసిన చర్చ ఇది. ఆలస్యంగానైనా మొదలైనందుకు సంతోషం. అయితే నేను చదివినంతలో ఆ వ్యాసాలు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీల చుట్టూనే తిరుగుతున్నాయి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు పాలన కోసం స్వయంగా నడుపుతున్న సర్వర్లకూ, అద్దెకు తీసుకుంటున్న క్లౌడ్‌కూ ఎంత కరెంటు ఖర్చవుతోందని అడిగినవారు నాకు కనిపించలేదు. విద్యుత్ పంపిణీ సంస్థలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక, ఎక్కడ యంత్రం తిరుగుతున్నా నా చూపు ముందు మీటరు మీదికే పోతుంది. ఆ అలవాటుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ప్రభుత్వ కంప్యూటరీకరణ మనకు కొత్త కాదు. 1998లో కార్డ్ పథకం కింద రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో ఈ-సేవ, 2011 నవంబరులో మీసేవ మొదలయ్యాయి. తొలి రోజుల్లో ఏ శాఖ సర్వర్లు ఆ శాఖ భవనంలోనే, ఒక మూల గదిలో, రెండు మూడు ఏసీల కింద నడిచేవి. 2006 నాటి జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళికలో భాగంగా రాష్ట్ర డేటా సెంటర్ల పథకానికి 2008లో కేంద్రం ఆమోదం తెలపడంతో అవి ఒక కప్పు కిందికి చేరడం మొదలైంది. తర్వాత 2013లో ‘మేఘరాజ్’ పేరుతో ప్రభుత్వ క్లౌడ్ విధానం, 2014లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ నడిపే జాతీయ క్లౌడ్ వచ్చాయి. ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్లలో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో ఆరంభమైన ‘మన మిత్ర’ వంటివాటితో ధ్రువపత్రం వాట్సాప్‌లోకే వస్తోంది.

దీన్ని నేను తప్పు పట్టడం లేదు సరికదా, కరెంటు లెక్కలోనే ఇది లాభమని చెప్పగలను. మండల కేంద్రానికి పోను రాను 30 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిల్ మీద వెళ్లి వస్తే అర లీటరుకు పైన పెట్రోలు కాలుతుంది, లీటరుకు 2.3 కిలోల చొప్పున దాదాపు 1.4 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు వెలువడేది సుమారు 0.7 కిలోలు. అంటే ఆ ఒక్క ప్రయాణం రెండు యూనిట్ల కరెంటుతో సమానం. ఒక ధ్రువపత్రం జారీకి సర్వర్ల మీద పడే భారం అందులో చిన్న పిసరు కూడా ఉండదు. రైతు గానీ కూలీ గానీ పని మానుకుని తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పడం దీనికి అదనం. కాబట్టి సేవలు ఆన్‌లైన్‌లో ఉండాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ సేవల వెనుక యంత్రాలు పని ఉన్నప్పుడే కరెంటు వాడుతున్నాయా, పని లేనప్పుడు కూడా వాడుతున్నాయా అన్నది ప్రశ్న.

క్లౌడ్‌కు మారితే కరెంటు ఆదా అవుతుందన్న మాటకు గట్టి ఆధారమే ఉంది. సొంత గదుల్లో నడిచే సర్వర్లు తమ సామర్థ్యంలో సగటున 12 నుంచి 18 శాతం మాత్రమే పని చేస్తున్నాయని అమెరికాలోని ఒక పర్యావరణ సంస్థ 2014లో లెక్క తేల్చింది. పని తగ్గినంత మాత్రాన కరెంటు ఆ నిష్పత్తిలో తగ్గదు. ఏ పనీ లేని సర్వరు కూడా పూర్తి లోడులో తీసుకునే కరెంటులో దాదాపు సగం లాగుతుందని గూగుల్ ఇంజనీర్లే 2007లో రాశారు; కొత్త యంత్రాల్లో ఈ వాటా తగ్గింది గానీ సున్నా కాలేదు. అందువల్ల పది శాఖలు పది యంత్రాలను అరకొర పనితో నడిపే బదులు, రెండు మూడు యంత్రాల మీద అందరి పనినీ సర్ది, వాటిని నిండుగా నడిపితే కరెంటు ఖర్చు బాగా పడిపోతుంది. అమెరికాలో ఈమెయిల్ వంటి నిత్య వినియోగ సాఫ్ట్‌వేర్ అంతా క్లౌడ్‌కు మారితే వాటికి అయ్యే విద్యుత్తులో 87 శాతం వరకు తగ్గవచ్చని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 2013లో అంచనా వేసింది. ప్రపంచం మొత్తం మీద చూసినా 2010 నుంచి 2018 మధ్య డేటా సెంటర్లు చేసే పని 550 శాతం పెరిగితే, వాటి విద్యుత్ వినియోగం 6 శాతమే పెరిగిందని ఆ రంగ నిపుణులు 2020లో చూపించారు.

చల్లదనం ఖర్చు మరొకటి. డేటా సెంటర్‌కు అందే మొత్తం కరెంటును అందులో కంప్యూటర్లకు చేరే కరెంటుతో భాగిస్తే వచ్చే అంకెను పీయూఈ అంటారు. అది 2 అయితే కంప్యూటరు వాడే ప్రతి యూనిట్‌కూ ఏసీలు, యూపీఎస్‌లు, దీపాలు కలిసి మరో యూనిట్ మింగుతున్నాయని అర్థం. పెద్ద క్లౌడ్ కంపెనీల మేలైన కేంద్రాల్లో ఇది 1.1 దాకా దిగింది. ప్రపంచ సగటు కొన్నేళ్లుగా 1.6కు అటూ ఇటుగా ఆగిపోయింది. మన కార్యాలయాల్లోని పాత సర్వర్ గదుల సంగతి చూసినవారికి తెలుసు. సర్వర్లకు లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం ఎప్పుడో చెప్పినా, ఏసీని 16 దగ్గర పెట్టి వదిలేస్తే తప్ప మనకు నమ్మకం కుదరదు. మే నెలలో ఆఫీసు మొత్తంలో కుర్చీ వేసుకోవడానికి అందరూ పోటీపడే చోటు అదే! రెండింతల లోడుకు కొన్న యూపీఎస్ అయిదో వంతు లోడు మీద నడుస్తూ, తన నష్టాలను కూడా బిల్లులో కలుపుతూ ఉంటుంది. ఇలాంటి గదులను మూసి పనిని ఒక మంచి డేటా సెంటర్‌కు తరలించడం మేలు.

అయితే తరలించినంత మాత్రాన ఆదా దానంతట అది రాదు. వచ్చేదీ పోయేదీ ఇక్కడే తేలుతుంది కనుక కాస్త వివరంగా రాస్తాను.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ఇచ్చినప్పుడు, బోరు మోటార్లకు ఉన్న ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేయవలసి వచ్చింది. కరెంటు ఉన్నంతసేపూ పొలానికి నీళ్లు కావాలా వద్దా అన్నదానితో నిమిత్తం లేకుండా మోటారు తిరగడమే దానికి కారణం. ప్రభుత్వ క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ల (ఒక పెద్ద సర్వరును సాఫ్ట్‌వేర్‌తో భాగాలు చేసి శాఖలకు ఇచ్చే కంప్యూటర్ల) పరిస్థితి కూడా ఇంతే. కొత్త పోర్టల్ పెట్టే శాఖ, రేపు రద్దీ వస్తే మాట పడకూడదని నాలుగు ప్రాసెసర్లు సరిపోయే చోట పదహారు అడుగుతుంది. ప్రారంభోత్సవం నాటి రద్దీ తగ్గాక కూడా వాటిని వెనక్కి ఇవ్వదు. పరీక్ష కోసం పెట్టిన యంత్రం పరీక్ష అయ్యాక కూడా నడుస్తుంది. పథకం పేరు మారినా పాత పథకం పోర్టల్ నడుస్తుంది. క్లౌడ్‌కు మారిన తర్వాత కూడా పాత గదిలోని సర్వర్లను ‘ఎందుకైనా మంచిది’ అని ఉంచేస్తారు. అప్పుడు ఆదా మాట అటుంచి, రెండు చోట్లా బిల్లు కట్టవలసి వస్తుంది. విదేశాల్లోనూ ఈ జబ్బు ఉంది: అమెరికాలో దాదాపు 4,000 సర్వర్లను పరిశీలించి 2015లో వెలువరించిన అధ్యయనంలో 30 శాతం ఆరు నెలలుగా ఏ పనీ చేయనివని తేలింది.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఖాళీగా ఉన్న ఒక పాత సర్వరు నిరంతరం 150 వాట్లు లాగుతుందని అనుకుంటే, ఏడాదికి 1,314 యూనిట్లు. పీయూఈ 1.8 అనుకుంటే చల్లదనం వగైరాలతో కలిపి 2,365 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద ఒక కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా, అంటే ఏడాదికి 2,400 యూనిట్ల దాకా ఉచితం. ఏ పనీ చేయని ఒక్క సర్వరు దాదాపు ఒక కుటుంబపు గరిష్ఠ కోటాను తినేస్తోందన్న మాట. ఆ కుటుంబం 201వ యూనిట్ వాడితే ఆ నెల బిల్లు వస్తుంది. సర్వరు విషయంలో అలాంటి గీత ఏదీ లేదు.

దీనికి ఉద్యోగుల నిర్లక్ష్యాన్ని నేను నిందించను. లోపం బిల్లు నడిచే దారిలో ఉంది. సామర్థ్యం అడిగేది ఒక శాఖ, దాన్ని ఇచ్చేది ఐటీ శాఖో ఎన్ఐసీయో, కరెంటు బిల్లు కట్టేది డేటా సెంటర్ నిర్వాహకులు, చివరికి మోసేది ఖజానా. అడిగిన శాఖ తన కోరిక ఖరీదు ఏ కాగితం మీదా చూడదు. ప్రైవేటు క్లౌడ్ అద్దెకు తీసుకున్నప్పుడు నెలనెలా బిల్లు వస్తుంది కనుక కొంత నయం. అక్కడ కూడా చాలాచోట్ల ఏడాదికో మూడేళ్లకో ఒకే మొత్తానికి ఒప్పందం చేసుకుంటే, వాడినా వాడకపోయినా చెల్లింపు ఒకటే కాబట్టి తగ్గించాలన్న ఆలోచన పుట్టదు. వాడినంతే చెల్లించడం క్లౌడ్‌కు ప్రాణం; ఒప్పందంలోనే దాన్ని తీసేస్తే మిగిలేది వేరే ఊళ్లో ఉన్న సర్వర్ గదే.

అందుకే ఖర్చులేని ఒక పని మొదట చేయవచ్చు. ప్రతి శాఖాధిపతికీ నెలకోసారి ఒక పేజీ నివేదిక వెళ్లాలి: మీ శాఖ పేరున ఎన్ని వర్చువల్ మెషీన్లు ఉన్నాయి, వాటిలో ఎన్నింటి సగటు వినియోగం పది శాతం దాటలేదు, వాటి వాటాకు ఎన్ని యూనిట్లు వచ్చాయి, దాని ఖరీదు ఎంత. డబ్బు వసూలు చేయనక్కరలేదు, చూపిస్తే చాలు. మూడు నెలలు వరుసగా ఖాళీగా ఉన్న యంత్రాన్ని శాఖ లిఖితపూర్వకంగా కారణం చెబితే తప్ప ఆపేయాలి. పాత సర్వర్లను తీసేసి, మీటరు తగ్గినట్లు చూపించాకే క్లౌడ్ తరలింపు పూర్తయినట్లు ధ్రువీకరించాలి. ఈ చివరి షరతు ఒక్కటి పెట్టినా నా అంచనాలో మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితం వస్తుంది.

ప్రభుత్వ పనికి ఒక సౌలభ్యం కూడా ఉంది. దాని రద్దీ ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. ఇంటర్ ఫలితాల రోజు, జూన్‌లో కళాశాల ప్రవేశాల ముందు కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం ఎగబడే వారాలు, మార్చి నెలాఖరులో ఆస్తి పన్ను, ఒకటో తేదీన పింఛన్లు ఇందుకు ఉదాహరణలు. ఆ రోజులకు సామర్థ్యం పెంచి, మర్నాడు తగ్గించడానికే క్లౌడ్ ఉన్నది. ఏడాదిలో కొద్ది రోజుల రద్దీ కోసం ఏడాదంతా అదే సామర్థ్యాన్ని నడపడం సొంత సర్వర్ల కాలం నాటి ఆలోచన.

మరికొన్ని పనులకు తొందరే ఉండదు. జీతాల లెక్కలు, లబ్ధిదారుల జాబితాల సరిపోలిక, బ్యాకప్‌లు, పాత భూరికార్డుల స్కానింగ్ ప్రతులను శుద్ధి చేయడం వంటివి కొన్ని గంటలు అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు. వీటిని రాత్రి నడపడం కంప్యూటరు వాళ్ల పాత ఆనవాయితీ, యంత్రాలు అప్పుడు ఖాళీగా ఉంటాయి కాబట్టి. కానీ మన గ్రిడ్ మారిపోయింది. మధ్యాహ్నం సౌర విద్యుత్ పుష్కలంగా ఉంటోంది. సాయంత్రం సూర్యుడు దిగాక థర్మల్ కేంద్రాల మీద భారం పెరుగుతోంది. సౌర విద్యుత్ ఉండే గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలని కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలే చెబుతున్నాయి. ఈ బ్యాచ్ పనుల్లో వీలైనవాటిని పగటికి జరిపితే అదే పని తక్కువ బొగ్గుతో అవుతుంది. పగటి ఎండలో చల్లబరచడానికి ఎక్కువ కరెంటు పడుతుందన్న అభ్యంతరం నిజమే. అందుకని ఒక్కో డేటా సెంటర్‌లో కొలిచి చూసి నిర్ణయించాలి తప్ప, గుడ్డిగా అన్నిటినీ మార్చమని నేను అనడం లేదు.

చల్లదనం పద్ధతి కూడా ఊరిని బట్టి మారుతుంది. దక్కన్ పీఠభూమి మీద గాలి పొడిగా ఉండే హైదరాబాద్‌లో నీటి ఆవిరితో చల్లబరచడం ఏడాదిలో చాలా నెలలు బాగా పనిచేస్తుంది. చలికాలపు రాత్రుల్లో బయటి గాలే సరిపోవచ్చు. ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖ తీరంలో ఆ వెసులుబాటు తక్కువ. ఆవిరి పద్ధతి కరెంటు మిగిల్చినా నీళ్లు తాగుతుంది కనుక, టెండరులో పీయూఈ ఒక్కటే అడిగితే గుత్తేదారు కరెంటును నీళ్లలోకి మార్చి చూపిస్తాడు. రెండు అంకెలూ అడగాలి, ఆ నీళ్లు శుద్ధి చేసిన మురుగునీరా తాగునీరా అన్నది కూడా అడగాలి. మన టెండర్లలో సేవ ఎంత శాతం కాలం అందుబాటులో ఉండాలి, భద్రతా తనిఖీ ఎవరు చేస్తారు, డేటా దేశంలోనే ఉంటుందా అన్నవాటికి పేజీలకు పేజీలు కేటాయిస్తారు. పూర్తి లోడు మీద కాకుండా నిజంగా నడిచే లోడు మీద ఏడాది సగటు పీయూఈ ఎంత అన్న ఒక్క పంక్తి వాటి పక్కన చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ బరువును గురించి కూడా ఒక మాట. దరఖాస్తు స్థితి చూసుకోవడానికి పోర్టల్ తెరిస్తే ముందుగా నాయకుల నిలువెత్తు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి దొర్లుతాయి. వాటిని పంపడానికి సర్వరుకూ, అందుకోవడానికి పల్లెలోని సెల్‌ఫోనుకూ అనవసర శ్రమ. ఒకే పట్టాదారు కాగితాన్ని ప్రతి పథకానికీ మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేయించి ప్రతి శాఖా దాచుకుంటోంది. 2015లో వచ్చిన డిజిలాకర్ ఉద్దేశమే ఈ పునరుక్తిని తప్పించడం. ఇప్పుడు కృత్రిమ మేధ మోజు వచ్చింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ డేటా సెంటర్లు సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. 2030 నాటికి అది 94,500 కోట్లకు చేరవచ్చని అంచనా. తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని అర్జీ రాసిపెట్టే సాధనం చదువురానివారికి గొప్ప ఉపకారమే. కానీ ‘నా పింఛను వచ్చిందా’ అన్న ప్రశ్నకు డేటాబేసులో ఒక వరుస చూసి జవాబు చెప్పగలిగిన చోట భారీ భాషా నమూనాను నడపడం దుబారా.

అన్నిటినీ ఒకే చోట పేర్చి కరెంటు మిగిల్చాలన్న ఉత్సాహంలో మరచిపోకూడని సంగతి ఒకటుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలకు నిప్పంటుకుని 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల సమాచారం, వేరే చోట ప్రతి లేకపోవడంతో, బూడిదైంది. బ్యాకప్‌కు అయ్యే కరెంటు దుబారా కాదు. వేరే ఊళ్లో ఒక ప్రతి తప్పనిసరి. దాన్ని తక్కువ కరెంటుతో నిద్రాణంగా ఉంచే మార్గాలు ఉన్నాయి. ఎవరికీ తెలియకుండా నడుస్తున్న ఖాళీ యంత్రాన్ని, తెలిసి ఉంచుకున్న బ్యాకప్‌ను ఒకే గాటన కట్టకూడదు.

జర్మనీ 2023లో చేసిన చట్టం 2026 జులై నుంచి మొదలయ్యే డేటా సెంటర్లు 1.2 పీయూఈ అందుకోవాలంటోంది. అది చలి దేశం, మనకు పోలిక కుదరదని ఎవరైనా అనవచ్చు. సరే, మనకంటే ఉక్కపోత ఉన్న సింగపూర్‌ను చూద్దాం. కరెంటు, స్థలం చాలక 2019లో కొత్త డేటా సెంటర్లను ఆపేసిన ఆ దేశం, 2022లో కఠిన షరతులతో మళ్లీ అనుమతించి, 2023లో సర్వర్ గదుల ఉష్ణోగ్రతను క్రమంగా 26 డిగ్రీలకూ ఆ పైకీ పెంచే ప్రమాణాన్ని తెచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే చల్లదనపు కరెంటులో 2 నుంచి 5 శాతం మిగులుతుందని వారి అంచనా. ఏసీ రిమోట్ నొక్కడంతో మొదలుపెట్టగలిగిన సంస్కరణ ఇది.

మనకు కొత్త సంస్థలు అవసరం లేదు. ఇంధన పొదుపు కోసమే ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఇంధన సంరక్షణ మిషన్, తెలంగాణలో పునరుత్పాదక ఇంధన సంస్థ రెడ్కో ఉన్నాయి. రాష్ట్ర డేటా సెంటర్లకూ, శాఖల్లో ఇంకా మిగిలిన సర్వర్ గదులకూ విడి మీటర్లు పెట్టించి ఒకసారి ఆడిట్ చేసే బాధ్యత వాటికి అప్పగించవచ్చు. ఆ తర్వాత ప్రతి నెలా యూనిట్లు, పీయూఈ, నీటి వాడకం, ఆపేసిన యంత్రాల సంఖ్య ఐటీ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే సమాచారాన్ని వెల్లడించమని ప్రభుత్వ సంస్థలను ఎలాగూ ఆదేశిస్తోంది. మొదటి నెలల్లో ఆ అంకెలు తప్పుల తడకగా ఉన్నా ఫరవాలేదు. మీ విలేకరులు పట్టుకుని నిలదీయడానికైనా ఒక అంకె అంటూ బయటికి రావాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు,
హన్మకొండ